మేనమామ ఒళ్లో సద్దిగిన్నె

నాంపల్లిలో రైలు దిగి, ఆబిడ్స్‌లో కిరాయికి కారు తీసుకున్నారు. సాయిసుధ అన్నకొడుకు పుట్టువెంట్రుకలు యాదగిరిగుట్టలో తీయించాలి. అప్పుడు పిల్లాడు మేనమామ ఒళ్లో ఉండటం ఆనవాయితీ. అందుకే వదిన తమ్ముడు రాజేందర్ కొత్త చొక్కాతో ముందు సీట్లో చేతులు చాచి కూర్చున్నాడు.

"పోరన్ని ఇయ్యక్కా."

"మేనమామ ఒడి గుట్ట మీద కావాలె, బండిల కాదు," అంది నవత వదిన. "ఏదన్నా గుద్దితే నీ ముందలి ఎయిర్‌బ్యాగు గాలిసంచి లెక్క ధన్‌మని ఉబ్బుతది. నీకు మంచిదే. ఒళ్లె ఉన్న పోరనికి?"

కారు కిరాయికిచ్చిన ఆఫీసు మూలన దుమ్ముపట్టి ఉన్న పిల్లల సీటును వదినే మోసుకొచ్చింది. వెనక బెల్టు కొక్కేలు సీటు కవరు కింద కూరుకుపోయాయి. కవరు పైకి లాగి, చెయ్యి దూర్చి, ఒక్కొక్కటే బయటికి తీసింది. పిల్లల సీటును బెల్టుతో బిగించి, మోకాలితో అదిమి, ఊపి చూసింది. కదల్లేదు. అప్పుడు కొడుకును అందులో పడుకోబెట్టింది.

"దూడను కట్టేసినట్టు కడుతున్నవేందే!" అంది అమ్మ యాదవ్వ. "వీని నాయిన ఎంకటేశును నేను ఒళ్లె పెట్టుకోని తిప్పలేదా?"

"గప్పుడు మనది ఎడ్లబండమ్మా," అన్నాడు స్టీరింగు ముందున్న అన్న. "గుద్దుకుంటే ఎద్దుకే కోపమొస్తుండె."

అమ్మ మాత్రం బెల్టు ముట్టుకోలేదు. వదిన చెప్పేది నిజమేనని సాయిసుధకు అనాలనిపించింది. మాట గొంతు దాటలేదు. నలుగురిలో నిలబడి అలా మాట్లాడటం తనకు ఎప్పటికైనా వస్తుందా?

మొహం ముడుచుకున్న రాజేందర్ ఒళ్లో వదిన పులిహోర గిన్నె పెట్టింది. "గట్టిగ పట్టుకో. గిదే నీ అల్లుడనుకో."

చాదర్‌ఘాట్ దగ్గర ఒక ఆటో ఉన్నట్టుండి అడ్డం తిరిగింది. అన్న బ్రేకు తొక్కాడు. బెల్టు రాజేందర్‌ను ఆపింది. గిన్నెను రాజేందర్ ఆపలేకపోయాడు. రెండు చేతుల్లోంచీ జారి ఎదురుగా డాష్‌బోర్డుకు తగిలి, మూత ఎగిరి, అద్దం నిండా పులిహోర. అమ్మ ముందు సీటుకు గుద్దుకుని వెనక్కి పడింది.

అందరూ పిల్లాడి వైపు చూశారు. వాడు నిద్ర లేవనే లేదు.

రాజేందర్ ఖాళీ అయిన చేతుల్ని చూసుకుంటూ, "గట్టిగనే పట్టుకున్ననక్కా," అన్నాడు మెల్లగా.

అమ్మ నుదురు రుద్దుకుంటూ పక్కన తడుముకుంది. "సుధా, గా కొక్కెం ఏడున్నదే?"

సాయిసుధ బెల్టు లాగి పెట్టింది. ఆబిడ్స్ నుంచీ గొంతులో ఉన్న మాట అప్పుడు బయటికొచ్చింది. "వదిన చెప్పింది నిజమేనమ్మా."

"ఔ తియ్. జర గట్టిగ గుంజు."