గుమ్మానికి పూసిన కలబంద

"ఒసే తాయారూ, ఊళ్లోవోళ్లందర్నీ ఇలగ పిలిసి పిలిసి సూపించకే. ఎవుల కళ్లు ఎలాటివో మనకేటి తెలుస్తాది? మొక్క మాడిపోతే మొక్కతో పోద్ది. నీకేటైనా అయితే నానేటి సేసీదే?"

లక్ష్మణమ్మ ఈ మాట అన్ననాటికి ఇంకా ఏమీ జరగలేదు. మొక్కలు నవనవలాడుతున్నాయి. పిల్ల నవ్వుతూ తిరుగుతోంది. అయినా ఏమీ జరగనప్పుడే లక్ష్మణమ్మకి భయం ఎక్కువ. జరిగాక భయపడ్డానికి తీరికెక్కడ ఉంటుంది, చెయ్యవలసిన పనులుంటాయి కదా.

వాళ్లది రామతీర్థం కొండ కనుచూపుమేరలో ఉండే పల్లె. చోళ్లు, అంటే రాగులూ, గోగూ పండే కాస్త మెట్ట ఉంది. భర్త సోములు జూటు మిల్లులో పనికి వెళ్లి వస్తూంటాడు. తాయారు ఒక్కతే కూతురు. ఎనిమిదో తరగతితో బడి మానేసింది, మొక్కలు పట్టుకుంది. వంటింట్లో చిల్లు పడిన గిన్నె ఏదీ చెత్తలోకి పోదు. పగిలిన బానలు, కిరసనాయిలు డబ్బాలు, అడుగూడిన బొక్కెన, అన్నిట్లోనూ ఏదో ఒకటి బతుకుతూనే ఉంటుంది. రంగురంగుల క్రోటన్లు, ఎర్ర చుక్కల ఏనుగుచెవి ఆకులు, ముట్టుకుంటే గుచ్చుకునే జెముళ్లు, వరస కట్టి కలబందలు. కలబందకి చంపావతి ఇసక, పాత గోడ సున్నం పెచ్చులు, బొగ్గుముక్కలు కలిపి పోస్తుంది. నీళ్లు మాత్రం చేతికి ఎముక లేనిదానిలా కాకుండా, మందు పోసినట్టు పోస్తుంది. అన్నం కూడా ఇంత శ్రద్ధగా వండదని తల్లి సణుగుడు.

ఆ వరసలో మచ్చల కలబంద ఒకటుండేది. మిల్లు దొరల బంగళా తోటలో పిలకలు తీసి అవతల పారేస్తుంటే సోములు ఒకటి తువ్వాలులో చుట్టి తెచ్చాడు. మామూలు కలబందలాగ నిటారుగా ఉండదు. పొట్టిగా, వెడల్పుగా, ఆకు మీద తెల్లటి మచ్చలతో, అంచున ఎర్రటి రంపపు పళ్లతో తామరపువ్వులా విచ్చుకుని ఉంటుంది. విజయనగరంలో మొక్కల ప్రదర్శన పెడతారు కదా, క్రిందటేడు తండ్రితో వెళ్లి చూసి వచ్చింది తాయారు. ఈ ఏడు అక్కడ తన మొక్క ఉండాలని పట్టు పట్టింది. మచ్చల కలబంద కోసం కొత్త కుండీ కొనిపించి, దానికి జేగురు మట్టి పూసి, సున్నంతో అంచు దిద్దింది. ఇంటికి ఎవరొచ్చినా ముందు దాన్ని చూపించాకే కూర్చోమనేది.

కార్తీకం వెళ్తూండగా పిల్లకి జ్వరం తగిలింది. మామూలు జ్వరం కాదు. వణుకు, కలవరింత. డాక్టరు మందు నీళ్లు ఇచ్చాడు, మాత్రలు ఇచ్చాడు. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టింది. లక్ష్మణమ్మ అప్పటికే మనసులో జరగరానివన్నీ జరిపించేసుకుంది. పిల్ల నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ, ఇంతకీ ఇది ఎవరి దిష్టి అని ఒక్కొక్కరినీ తలుచుకుంది. దిష్టి తగిలింది మొక్కని చూసిన కళ్ల నుంచే అని తేల్చుకుంది.

ఇంటికి దిష్టి తగిలితే కలబందని వేళ్లతో సహా పెరికి, పసుపూ కుంకుమా పెట్టి, గుమ్మానికి తలకిందులుగా కట్టడం ఎవరైనా చేసేదే. పెరట్లో పచ్చ కలబందలు కావలసినన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి కట్టి ఉంటే ఈ కథే లేదు. కాని లక్ష్మణమ్మ లెక్క లక్ష్మణమ్మది. అందరి కళ్లూ పడింది మచ్చలదాని మీద. పడిన దిష్టిని పడినదే లాగాలి గాని పక్కదేం లాగుతుంది? అమావాస్య నాడు, పిల్ల మూలుగుతూ పడుకుని ఉండగా, ఆ కొత్త కుండీలోంచి మచ్చల కలబందని పీకి, వేళ్లు దులిపి, సుతిలి తాడుతో వీధి గుమ్మానికి వేలాడగట్టింది.

మందే పని చేసిందో, మొక్కే చేసిందో, మూడో పూటకి చెమట పట్టి జ్వరం దిగిపోయింది. లేచి గోడ పట్టుకుని నడిచే ఓపిక రాగానే తాయారు ముందు వెళ్లింది మొక్కల దగ్గరికే. ఖాళీ కుండీ చూసింది. వెనక్కి తిరిగి గుమ్మం చూసింది.

"ఆ పచ్చవన్నీ ఉన్నాయి గదే. నీకిదే దొరికిందా?"

తల్లితో అదే ఆఖరి మాట.

కట్టినదాన్ని దానంతటది ఎండేదాకా విప్పకూడదని పట్టింపు. విప్పితే వదిలిన జ్వరం మళ్లీ గుమ్మం ఎక్కుతుందని లక్ష్మణమ్మ భయం. అందుకని ఆ మొక్క అక్కడే వేలాడుతూ ఉండిపోయింది, దాని కింద నుంచి తల్లీ కూతుళ్లు ఎడమొహం పెడమొహంగా వస్తూ పోతూ ఉండిపోయారు. తాయారు పని మానలేదు. పేడకళ్లు ఎత్తింది, చోళ్లు విసిరింది, తల్లి పెట్టింది తినేసింది. ఉప్పు చాలకపోతే మాత్రం కోడిపెట్టతో చెప్పేది, కూరలో ఉప్పు లేదని. తల్లి కూడా కోడిపెట్టకే జవాబు చెప్పేది. కోడి లేనప్పుడు ఆ బాధ్యత సోములుది.

"మీ ఇద్దరి మద్దినా నానేటి పోస్టుమేనునా?" అనేవాడు సోములు. "జీతమైనా ఇప్పించండి."

లక్ష్మణమ్మకి నవ్వు వచ్చేది కాదు. పిల్ల ఇంక జన్మలో అమ్మా అని పిలవదేమో అనిపించేది. బతిమాలి చూసింది. మిల్లు నుంచి ఇంకో పిలక తెప్పిస్తానంది. ఆ తోట కొత్తగా చదును చేసేశారని సోములు చెప్పాడు, ఆ ఆశా పోయింది. బజారులో ఎర్రంచు పరికిణీ కొని మంచం మీద పెట్టింది. తాయారు దాన్ని మడత విప్పకుండా పెట్టెలో పెట్టేసింది.

పందొమ్మిదివందల అరవై ఎనిమిది, మాఘమాసం. లక్ష్మణమ్మ తెల్లవారుతూనే గుమ్మం ముందు ముగ్గు పెడుతూ తల ఎత్తింది. కలబంద ఆకుల మధ్యలోంచి ఏదో నాలిక చాపినట్టు కనిపించింది. బల్లి అనుకుంది. బల్లి గుమ్మం మీద ఉంటే ఏం అరిష్టమో అని చీపురు తెచ్చింది. చీపురు మీదికి ఎత్తి, ఆగిపోయింది. అది కదల్లేదు. బల్లి కాదు. పీట వేసుకుని ఎక్కి దగ్గరగా చూసింది. వేలంత లావు కాడ, దాని కొసన జొన్నకంకిలా ఒత్తుగా మొగ్గలు.

పీట మీంచి ఎలా దిగిందో ఆమెకే తెలీదు. పక్కింటి మరిడమ్మ దగ్గరికి పరిగెత్తింది. మరిడమ్మ వరసకి వదిన. లోకంలో ఏ సంగతికైనా వెటకారం సిద్ధంగా ఉంటుంది ఆమె దగ్గర.

"ఒదినా, దిష్టి మొక్క పూలేస్తంది. మంచిదేనా, సెడ్డదా?"

మరిడమ్మ వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని తల వెనక్కి వంచి చూసింది.

"మన్నూ నేదు, నీళ్లూ నేవు, తలకిందులుగా యేలాడదీసినా పూసీసింది. నువ్వు పెట్టిన బాధలకి నానైతే ఎప్పుడో సచ్చీదాన్ని. సెడ్డేటే ఎర్రిదానా, అంత గట్టి పేణం నీ ఇంటి మీద కాపలా ఉంటే."

ఆ మాటతో లక్ష్మణమ్మకి ఒక భయం పోయింది. ఆ చోటులోకి వంద కొత్త భయాలు వచ్చి కూర్చున్నాయి. కాకి పొడిస్తే? మేక ఎగిరి అందుకుంటే? మేక అంత ఎత్తు ఎగరదని సోములు అంటే, ఎగిరే మేక ఒకటి ఉండకపోతుందా అంది. వంటింటి పొగ తగులుతుందని పొయ్యి పెరట్లోకి మార్చింది. వచ్చేవాళ్లందరినీ పెరటి దారినే రమ్మంది. అయినా మనసులో మాత్రం ఏదో పొంగుతోంది. పొద్దున లేవగానే మొహం కడుక్కోకుండా గుమ్మం దగ్గరికే పరుగు.

కాడ రోజురోజుకీ పొడుగైంది. ముందు నేలకేసి దిగింది, దిగి దిగి, ఏం తోచిందో, మెడ తిప్పి ఆకాశంకేసి లేచింది. కొక్కెంలా వంగి పైకి నిలబడ్డ ఆ కాడ చివర మొగ్గలు ఒక్కొక్కటే రంగు తేలాయి. పగడాల రంగు. ఊరు ఊరంతా వచ్చి చూసింది. ఈసారి లక్ష్మణమ్మే పిలిచి చూపించింది, చూసినవాళ్లు వెళ్లగానే గుమ్మానికి ఉప్పు తిప్పి పడేసింది.

పీట రోజూ కొంచెం జరిగి ఉంటోందని లక్ష్మణమ్మ కనిపెట్టింది. పిల్ల ఎక్కి చూస్తోంది. ఒకరోజు ఆకుల మీద దుమ్ము తుడిచి ఉంది. ఆ రోజు లక్ష్మణమ్మ కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

ప్రదర్శన దగ్గర పడింది. ఒక రాత్రి అన్నాల దగ్గర లక్ష్మణమ్మ కోడిని చూడలేదు, మొగుణ్ణి చూడలేదు, గోడకి చెప్పినట్టు చెప్పింది. ఈ మొక్క విజయనగరం వెళ్తుంది, ఎలా వెళ్తుందో తనకి తెలీదు గాని వెళ్తుంది. దిష్టి మొక్కని విప్పితే జ్వరం వస్తుందన్నావు కదా అని సోములు గుర్తు చేశాడు. ఎండినాక విప్పాలన్నారు, పూసినదానికి ఏ పట్టింపూ ఎవరూ చెప్పలేదు అంది. అని, ఇంత ధైర్యం తనకి ఎక్కడ నుంచి వచ్చిందా అని భయపడింది. తాయారు చేతిలో ముద్ద ఒక్క క్షణం ఆగింది.

మొక్కని నిమ్మళంగా కుండీలో పెట్టేద్దాం అనుకున్నాడు సోములు. కట్టు విప్పి కొంచెం తిప్పేసరికి పైకి నిలబడ్డ పూలకాడ కాస్తా నేలకేసి తిరిగిపోయింది. ఇంకా తిప్పితే కుండీ అంచుకి తగిలి విరుగుతుంది. తలకిందులుగా పెరిగినదానికి తలకిందులే నిటారు. లక్ష్మణమ్మ రెండు చేతులతో నోరు నొక్కుకుంది. సోములు గబగబా దాన్ని మళ్లీ వేలాడదీశాడు.

బస్సులో ఎక్కించుకోరు. చివరికి కావిడి కట్టారు. ఒక ఉట్టిలో బరువుకి రెండు క్రోటను డబ్బాలు, రెండో వైపు తాడుకి తలకిందులుగా కలబంద. సోములు భుజాన వేసుకున్నాడు. ఎండ తగలకుండా పక్కనే గొడుగు పట్టుకుని లక్ష్మణమ్మ. తొలి కోడి కూశాక బయలుదేరారు. దారి పొడుగునా జనం ఆపారు. గొడుగు కింద ఏ దేవుణ్ణి ఊరేగిస్తున్నారని ఒకడు అడిగాడు. గొడుగు పెళ్లాం పట్టింది గనక దేవుణ్ణి నేనే అన్నాడు సోములు. లక్ష్మణమ్మ లారీ వస్తే గాలికి రాలిపోతుందని మొక్కకీ లారీకీ మధ్య నిలబడేది. తాయారు ముందు నడుస్తోంది. దారిలోకి వంగిన తుమ్మకొమ్మల్ని కర్రతో పక్కకి తోస్తూ, వెనక కావిడి దాటేదాకా అలా పట్టుకుని నిలబడుతోంది. తల్లిని మాత్రం చూడలేదు. లక్ష్మణమ్మకి అదే పండగలా ఉంది.

ప్రదర్శన పెట్టిన మైదానం గేటు దగ్గరికి వెళ్లేసరికి చుట్టూ జనం మూగారు. లోపల్నుంచి నరసింగరావు గారని, ఏర్పాట్లు చూసే పెద్దమనిషి, కళ్లజోడు సర్దుకుంటూ వచ్చాడు. మొక్క చుట్టూ తిరిగాడు. కాడ ఎక్కడ వంగిందో వేలితో గాల్లోనే గీసి చూసుకున్నాడు. లోపలివాళ్లని కేకేసి పిలిచాడు. మన్ను తగలకుండానే పూసిందా అని అడిగాడు, అవునంటే మళ్లీ అడిగాడు. ఆయన మొహం వెలిగిపోవడం చూసి లక్ష్మణమ్మకి ఒళ్లు పులకరించింది.

తరవాత ఆయన గొంతు తగ్గించాడు.

"చూడమ్మా, చాలా బాగుంది. కాని పోటీకి కుండీలో నాటిన మొక్కే ఉండాలి, అది మా నియమం. తిప్పి కుండీలో పెట్టండి, పోటీలో చేరుస్తాను. మచ్చల కలబంద ఇంకెవరూ తేలేదు, అవకాశం మీకే. లేదంటే ఈ గేటు కమాను మీద వేలాడదీయండి. వచ్చినవాళ్లందరూ చూస్తారు. బహుమతి మాటకి మాత్రం లెక్కలోకి రాదు."

కుండీ ఉంది. జేగురు మట్టి పూసి సున్నంతో అంచు దిద్దిన ఆ కుండీనే తాయారు దారంతా చంకన పెట్టుకుని మోసుకొచ్చింది. సోములు కావిడి దించి, కాడ విరగకుండా తిప్పి చూద్దాం, అదృష్టం ఉంటే నిలుస్తుంది, ఇంత దూరం వచ్చాం కదా అన్నాడు. చేతులు చాచాడు.

లక్ష్మణమ్మ అడ్డంగా నిలబడింది. తిప్పితే విరుగుతుందని ఆమెకి భయం. తిప్పకపోతే పిల్ల ఏడాది ఆశ ఆమె వల్లే రెండోసారి పోతుందని అంతకన్నా భయం. ఆమెకి తెలిసిన భయాలన్నిట్లోకి ఇది పెద్దది. అయినా ఈసారి తన లెక్క తను కట్టుకోలేదు. కూతురివైపు తిరిగింది.

"క్రితంసారి నిన్నడక్కుండా పీకీసినాను. ఇప్పుడు నువ్వు సెప్పు తల్లీ. మొక్క నీది. తిప్పీమంటే నా సేత్తోనే తిప్పీస్తాను. ఒద్దంటే ఒద్దు."

తాయారు కుండీని చూసింది. లోపల బల్లల మీద వరసగా పెట్టిన మొక్కల్ని చూసింది. సోములు దగ్గాడు. నరసింగరావు గారు గడియారం చూసుకుని, పరవాలేదన్నట్టు చెయ్యి ఊపి నిలబడ్డాడు. వెనక రిక్షావాడు దారి ఇమ్మని గంట కొట్టి, ఎవరూ కదలకపోతే తనూ దిగి వచ్చి చూశాడు. గాలికి పగడాల కంకి మెల్లగా అటూ ఇటూ ఊగింది. లక్ష్మణమ్మ గొడుగు మూయడం కూడా మరిచిపోయి అలాగే పట్టుకుని ఉంది.

తాయారు కుండీని కింద పెట్టింది. కమాను కేసి తల ఎత్తి చూసి, తాడు కొస తీసి తల్లి చేతికి ఇచ్చింది.

"తిప్పొద్దమ్మా. నువ్వు కట్టినట్టే కట్టీ. గట్టిగా ముడెయ్యి, పడిపోగలదు."