అమ్మోరి దారిలో గొయ్యి

పెళ్లయి రెండు నెలలైనా కాలేదు కాబట్టి రాధకి ఆ ఇంట్లో ప్రతిదీ ముద్దుగానే ఉండేది. వన్ టౌన్‌లో బేరమాడి తెచ్చుకున్న నిమ్మపండు రంగు కర్టెన్, వంటింటి కిటికీలోంచి కనబడే పోర్టు క్రేన్లు, చేపల వేట నుంచి ఉప్పు మొహంతో వచ్చి మోహన్ టీ గ్లాసు అందుకునే తీరు. పెరటి వైపు మాత్రం చూసేది కాదు. మొన్నటి వానలకి పైనున్న కొండరోడ్డు సగం విరిగి జారింది. ఆ మట్టీ బండలూ వంటింటి గోడకి జానెడు దూరంలో ఆగాయి. ఇంకో పెద్ద వాన పడితే ఇల్లు మిగలదు. రోడ్డుకీ, దాని కింద అడ్డుగోడకీ నిధులిమ్మని వార్డు తరఫున అడగ్గా అడగ్గా, ఇవాళ ఇంజినీరు చూడటానికి వస్తున్నాడు.

అమ్మవారి ఘటం కొండెక్కేదీ ఇవాళే. ఘటం నడిచే దారిలో గొయ్యి ఉండకూడదని ఆ పేట ఆచారం. అందుకని నిన్నంతా పేటవాళ్లు కలిసి విరిగిన మేర ఇసుక బస్తాలు, రాళ్లు, ఎర్రమట్టి వేసి నింపి, నీళ్లు చల్లి చదును చేసేశారు. మోహన్ బస్తాలు మోశాడు. రాధ దాని మీద చుక్కల ముగ్గు పెట్టి, మధ్యలో చేపబొమ్మ వేసి, మురిసిపోయి ఫొటో తీసుకుంది. ఇంజినీరు చూడాల్సింది ఆ గొయ్యినేనని బీకామ్ చదివిన ఆమెకీ తట్టలేదు.

కార్పొరేటర్ తిరుమలరావు బండి దిగుతూనే నెత్తి పట్టుకున్నాడు.

"గొయ్యేదిరా? ఏటి సేసినార్రా మీరు?"

"అమ్మోరొత్తాది కదా బాబూ, పూడ్సీసినాం," అన్నాడు గురువులు. మోహన్‌కి పెదనాన్న, ఘటం ఎత్తే పెద్ద.

"పూడ్సీసి ముగ్గులు కూడా ఎట్టినారు. ఇంజినీరొచ్చి ముగ్గు బాగుందని రాసుకుని ఎలిపోతాడు. తవ్వండి ముందు."

గురువులు పక్కనున్న పార అందుకున్నాడు.

"అమ్మోరి దారి మీద గునపం ఎట్టినోడి సెయ్యిరగ్గొడతాను," అన్నాడు గురువులు. గొంతు పెంచలేదు.

రాధ మోహన్ చెయ్యి పట్టుకుంది. "ఇల్లు పోద్ది మావా," అంది మెల్లగా.

మోహన్ ఇంట్లోకెళ్లి గునపం తెచ్చాడు. మొదటి పోటు చేపబొమ్మ మీదే దిగింది. రెండో పోటుకి ఎత్తేలోపు గురువులు పారకర్ర అతని భుజం మీద పడింది. ఎముక చిట్లిన చప్పుడు రాధకి వినబడింది.

"తప్పుకో పెదనాన్నా. నా పెళ్లాం పడుకునే ఇల్లది."

"నిన్ను పెంచింది ఈ సెయ్యేరా," అంటూ ముసలాయన మళ్లీ కొట్టాడు. ఈసారి చెవి చీలింది.

కుర్రాళ్లు మోహన్ పక్షాన దూకారు. ఘటం వాళ్లు గురువులు పక్షాన. నిన్న కలిసి మోసిన రాళ్లనే పెకలించి ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. ఒకడి పళ్లు రాలి ముగ్గులో పడ్డాయి. సర్దిచెప్పబోయిన తిరుమలరావు నుదురు పగిలి తెల్లచొక్కా ఎర్రబడింది. రాధ పరిగెత్తి వెళ్లి గురువులు మణికట్టు కొరికింది, నోట్లోకి రక్తం వచ్చేదాకా వదల్లేదు. ఆయన జుట్టు పట్టి ఈడ్చి ఆమెని రోడ్డు లోపలి వైపు విసిరాడు. అది చూసి మోహన్ మిగిలిన ఒంటిచేత్తోనే గునపం తిప్పి పెదనాన్న మోకాలు విరగ్గొట్టాడు.

అంతమంది తొక్కిసలాటకి నిన్నటి మట్టి ఆగలేదు. బస్తాలు ఒక్కొక్కటిగా జారి, తర్వాత అన్నీ కలిసి జారాయి. మిగతావాళ్లు వెనక్కి దూకారు. మోహన్, గురువులు మట్టితో పాటు కిందికి పోయారు. వంటింటి గోడ కూలింది.

రాధ కొండవాలంతా జారుకుంటూ దిగి, చేతులతోనే తవ్వింది. గోళ్లు ఊడాయి. గోడముక్క కింద కాలు నలిగిన మోహన్ దొరికాడు. అరుస్తున్నాడు, ఆ అరుపు వినబడుతున్నంతసేపూ ఆమెకి ధైర్యంగా ఉంది. ఆ పక్కనే దొరికిన గురువులు అరవలేదు. నోటి నిండా ఎర్రమట్టి.

అంబులెన్స్ రావడానికి దారి లేదు. ఇంతసేపూ కొట్టుకున్నవాళ్లే తలుపు ఊడదీసి, మోహన్‌ని దాని మీద పడుకోబెట్టి కిందికి మోసుకెళ్లారు. రాధ వాళ్ల వెనకే అడుగు వేసింది.

అప్పుడు పైన ఇంజినీరు గొంతు వినబడింది. మనుషుల్ని పక్కకి జరగమంటూ, విరిగిన అంచు దగ్గర టేపు పరిపిస్తున్నాడు.

"ఇక్కడి వరకే సార్, రోడ్డు వరకే మన పని," అంటున్నాడు తిరుమలరావుతో. "కింద ఇళ్లు మన లెక్కలోకి రావు."

రాధ వెనక్కి తిరిగి పైకెక్కింది. అంచు దగ్గర టేపు పట్టుకున్న మనిషి చేతిలోంచి కొస లాక్కుని, మళ్లీ కిందికి దిగి, కూలిన వంటిల్లు దాటి, గురువులు పాదాల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని దాన్ని మట్టిలోకి నొక్కింది.

"గొయ్యి ఇక్కడి దాకా ఉంది బాబూ," అంది. "ఇక్కడి దాకా రాయండి. రాసింది నాకు చూపించండి, నాను ఆసుపత్రికెళ్లాలి."

పైనుంచి ఇంజినీరు లాగాడు. టేపు బిగుసుకుని ఆమె అరచెయ్యి తెగింది. వదల్లేదు. మళ్లీ లాగబోయి, ఆమె పక్కనున్న పాదాలు చూసి ఆగాడు. పెన్ను తీశాడు.