నా బిడ్డ కదలదు

"బతికున్న పిల్లను గట్ల చేతులు చాపి పండబెడ్తరా ఎవరన్న? ఇంట్ల పీనుగను పెట్టుకున్నట్టు!"

బుచ్చమ్మ గడపలో నిలబడి తిడుతూనే ఉంది. కోడలు రేఖ ఆ మాటలు చెవిన పెట్టలేదు. మంచం చుట్టూ దుప్పట్లు వేలాడదీసి గుహలా చేసి, కాళ్ల వైపు నుంచి చెయ్యి లోపలికి దూర్చి, కూతురి బొటనవేలు పట్టుకుని కూర్చుంది. ఆ గుహలో నవ్య వెల్లకిలా పడుకుని ఉంది. పక్కింటి పిల్లలిద్దరు స్టీలు పళ్లేల మీద గరిటెలతో వాయిస్తున్నారు.

"గంతేనారా బలం? అన్నం తిన్లేదా మీరు? కొట్టుర్రి గట్టిగ!" అంది రేఖ వాళ్లతో.

మొదట్లో ఆమె "ఊపిరి పట్టు బిడ్డా", "ఇడువు" అని నోటితో చెప్పి చూసింది. పళ్లేల మోతలో పిల్లకు ఒక్క ముక్క వినపడలేదు. అప్పుడు తట్టింది ఈ ఉపాయం. వేలు నొక్కితే ఊపిరి బిగబట్టాలి, సడలిస్తే వదలాలి. నాలుగు రోజులు గడిచేసరికి నవ్యకు అది ఆటైపోయింది. అన్నం తింటూ కూడా కాలు చాపి, "నొక్కమ్మా, చూద్దువు" అనేది.

నవ్యకు ఎనిమిదేళ్లు. పుట్టినప్పుడే కొండనాలుక రెండుగా చీలి ఉంది. దాన్నెవరూ పట్టించుకోలేదు. మొన్న చలికాలంలో గొంతునొప్పని తీసుకెళ్తే, నోట్లో టార్చి వేసి చూసిన డాక్టరమ్మ ముఖం మారిపోయింది. ఆ తర్వాత గుండెకు ఎకో తీశారు, రక్తం ఎక్కడికో పంపి పరీక్ష చేయించారు. చాలా అరుదైన జబ్బట. పుట్టుకతోనే రక్తనాళాల గోడలు బలహీనంగా ఉంటాయట. గుండెలోంచి బయలుదేరే పెద్ద నాళం మొదట్లోనే కాస్త ఉబ్బి ఉందట.

"ఎకోలో కనిపించేది గుండె దగ్గర ముక్కేనమ్మా" అని గుండె డాక్టరు సోమేశ్వరరావు విడమరిచి చెప్పాడు. "ఈ జబ్బులో మెడలోనూ పొట్టలోనూ కూడా నాళాలు ఉబ్బచ్చు. మొత్తం ఎమ్మారైలో చూస్తేగానీ, ఆపరేషన్ కావాలా, మందులతో ఆగొచ్చా అన్నది నేను చెప్పలేను. చిన్నపిల్ల కాబట్టి మత్తిచ్చి తీస్తారు. కానీ అలాంటి పిల్లలకి మత్తిచ్చే డాక్టరు దొరకాలి. వచ్చే నెలాఖరు దాకా ఖాళీ లేదు."

నెలాఖరు. అప్పటిదాకా ఆ ఉబ్బు ఆగుతుందని రాసిచ్చేవాళ్లెవరు?

"మత్తు లేకుంట తియ్యరాదా సార్?"

"కదిలితే బొమ్మ చెదిరిపోతుందమ్మా. ఈ వయసు పిల్లలు ఎక్కడ కుదురుగా ఉంటారు? మా మనవడైతే ఒక్క క్షణం ఆగడు."

"గాయన మీ మనవడు సార్. నా బిడ్డ కదలదు."

డాక్టరు కళ్లజోడు తీసి ఆమె వైపు చూశాడు. నవ్వాపుకుంటూ, గురువారం రమ్మని చీటీ రాసిచ్చాడు. కదిలితే మాత్రం మత్తు కోసం ఆగాల్సిందేనని మరీ మరీ చెప్పాడు.

రేఖ చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. మాదాపూర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది. ఆ మెషీను ఎలా మోగుతుందో హాస్టల్లో ఉండే సాఫ్ట్‌వేర్ అమ్మాయిని అడిగితే, సొరంగంలా ఉంటుందని, మధ్యమధ్య ఊపిరి పట్టమంటారని చెప్పి, ఆ మోత ఫోన్లో వినిపించింది. విని రేఖ ఊపిరి పీల్చుకుంది. "ఓస్, గింతేనా? మా గల్లి పక్కన కొత్త టవర్ కోసం రాయి పగలగొడ్తున్నరు. నా బిడ్డ గా సప్పుడుల నిద్ర గూడ పోతది."

గురువారం వచ్చింది. రేఖ భర్త ఆకాష్ క్యాబ్ నడుపుతాడు. ఆ రోజు ఎయిర్‌పోర్టు డ్యూటీ పడడంతో, తోడుగా బుచ్చమ్మ బయలుదేరింది. ఎంత తిట్టినా మనవరాలి వెంట రాకుండా ఉండలేదు.

నవ్యను లోపలికి తీసుకెళ్లిన నర్సు, రేఖను తలుపు దగ్గరే ఆపేసింది. రేఖ వేలు నొక్కడం నేర్పింది, మోత అలవాటు చేసింది, అన్నీ చేసింది. ఆ వేలు మీద తన చెయ్యి ఉండాలి కదా, చేతిని బయటే ఆపేస్తే ఎట్లా అన్నది మాత్రం తోచలేదు.

కాసేపటికి మెషీను దగ్గరుండే టెక్నీషియన్ సెలీనా బయటికి వచ్చింది. "కదిలిపోతోందండి పాప. హెడ్‌ఫోన్లో ఊపిరి పట్టమని చెప్తుంటే, తల పైకెత్తి మీకోసం వెతుకుతోంది. ఇలాగైతే కుదరదండి. మత్తుకి రాయించుకోండి."

"నన్ను లోపటికి తోలు మేడం. నా చెయ్యి పడితే కదలదు."

"రావచ్చండి, తల్లులు ఉండచ్చు. కానీ ఒంటి మీద లోహమన్నది ఉండకూడదు. పిన్నులు, మెట్టెలు, గాజులు, మెడలో గొలుసు... అన్నీ తీసెయ్యాలి."

రేఖ పిన్నులు పీకేసింది. గాజులు ఊడదీసింది. ఒంగి మెట్టెలు లాగింది. చెయ్యి మెడ దగ్గరికి వెళ్లేసరికి బుచ్చమ్మ ఆ చెయ్యి పట్టేసుకుంది.

"పుస్తెలు ముట్టకు."

"అత్తమ్మా, ఇడువు."

"నా కొడుకు గిప్పుడు స్టీరింగ్ మీదున్నడే! రింగురోడ్డు మీద లారీల నడుమ పోతుండు. గిప్పుడే దొరికిందా నీకు తియ్యనీకి?" ముసలామె పట్టు వదల్లేదు. "జర ఆగు. పసుపుకొమ్ము కట్టుకొని తియ్యి. నేన్ తెస్త."

"గీ అద్దాల బిల్డింగులల్ల పసుపుకొమ్ము యాడ దొరుకుతదే? ఉంటె గింటె పొడి ప్యాకెట్ దొరుకుతది. మెడల చల్లుకోవాల్నా?"

బుచ్చమ్మ కొడుక్కి ఫోన్ కలిపింది. మోగి మోగి ఆగిపోయింది. "ఎత్తుతలేడు! సూసినవా, ఎత్తుతలేడు!"

"బండి నడిపేటోడు ఎత్తొద్దనే గద నువ్వు రోజు చెప్పేది!"

మాట పెంకిగానే అన్నది కానీ, రేఖ చెయ్యి తాడు దగ్గరే ఆగిపోయింది. పెళ్లైన నాటి నుంచి ఆ తాడు మెడ దిగలేదు. దారం మార్చేటప్పుడు కూడా ముందు పసుపుకొమ్ము కట్టుకున్నాకే పాతది తీసేది. ఏమో, నిజంగానే ఏదన్నా అయితే? ఊరంతా ఒక్కటై తన మీద పడదా? అత్త జన్మలో క్షమిస్తుందా? తనను తాను క్షమించుకోగలదా?

"తర్వాతి పేషెంటు వచ్చేశారండి" అంది సెలీనా మెల్లగా.

తలుపు సందులోంచి సన్నగా వినిపించింది. "అమ్మా..."

రేఖ తల మీదుగా తాడు తీసేసింది. బుచ్చమ్మ అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, ఆ పిడికిలిని తన రెండు చేతులతో బిగించింది.

"నీ కొడుకును నువ్వు పట్టుకో అత్తమ్మా. నా బిడ్డను నేను పట్టుకుంట."

అని వెనక్కి చూడకుండా లోపలికి నడిచింది.

లోపల చలి. తెల్లటి సొరంగంలోంచి రెండు చిన్న పాదాలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. రేఖ వెళ్లి బొటనవేలు పట్టుకుంది. ఆ వేలు ఒకసారి కదిలి, గుర్తుపట్టి, ఊరుకుంది. మెషీను మొదలైంది. రాయి పగిలినట్టు, పళ్లెం మీద గరిటె పడినట్టు మోత. గోడకున్న స్పీకర్లోంచి సెలీనా "పట్టు" అన్నప్పుడల్లా రేఖ వేలు నొక్కింది, తానూ ఊపిరి బిగబట్టింది. "వదులు" అంటే ఇద్దరూ కలిసి వదిలారు. కొట్టు, ఇంకా గట్టిగా కొట్టు, నువ్వెంత కొట్టినా ఇది కదలదు అని ఆ మెషీనుతో మనసులోనే తగువుపడింది. ఎన్నిసార్లు నొక్కిందో ఆమెకు గుర్తు లేదు.

మోత ఆగాక సెలీనా తలుపు తీసింది. "నీట్‌గా వచ్చాయండి బొమ్మలు. మెడ దగ్గర్నుంచి కింద దాకా మొత్తం. డాక్టరు గారు చూసి చెప్తారు. కానీ మీ పాప... పెద్దవాళ్లే అలా ఉండరండి."

బయట బెంచీ మీద బుచ్చమ్మ పిడికిలి గుండెకు ఆనించుకుని కూర్చుని ఉంది. రెండో చేతిలో ఫోన్. "ఆ, మంచిగనే ఉన్నవ్ గద! ఎత్తకుంట సావగొట్టినవ్ గదరా! ...అయింది, అయింది. మత్తు గిత్తు ఏం లేదు. నీ పెండ్లాం మొండిది, నీ బిడ్డ ఇంకింత మొండిది. ఇగ పెట్టెయ్, సక్కగ నడుపు."

ఫోన్ పెట్టేసి పిడికిలి విప్పింది. చెమటకు తడిసిన తాడు అరచేతికి అంటుకుని ఉంది. "ఇగో, దా, ముందు ఏసుకో" అంది గొంతు తగ్గించి.

రేఖ నేల మీద గొంతుక్కూర్చుని నవ్య చెప్పులు సరిచేస్తోంది.

"ఆగు అత్తమ్మా. ముందు నా బిడ్డకు చెప్పులు తొడగనీయ్."