పున్నమ్మ విప్పిన మడత

పొద్దున్నే గంజి కాచి, సందు పొడుగునా పడుగు దారాలు సాగదీసి, కుంచెతో గంజి రాసి ఆరబెట్టడం పున్నమ్మ వీధిలో అందరి పని. పడుగు పరిచి ఉన్నంతసేపూ దాన్ని ఎవరూ దాటరు. చుట్టమైనా, పోలీసు జవానైనా కొసదాకా నడిచి చుట్టూ తిరిగి రావాల్సిందే. ఆ సందులో నేసిన చీర మడత తొలిసారి విప్పితే, దాని పడుగు ఆరిన నాటి పొద్దు, ఆ ఎండతో ఆ మనుషులతో సహా, బయటికొస్తుంది. ఒక్కసారే. ఇల్లంతా గంజి వాసనవుతుందని బెజవాడ ఆడవాళ్లు కొత్తచీరను దొడ్లోనే విప్పుకునేవారు.

అలాంటి చీర ఒకటి పున్నమ్మ పెట్టెలో మడత విప్పకుండా ఉంది. పోయిన భర్త ఆదిశేషయ్య చివరిగా గంజి పెట్టిన పడుగు అది. విప్పితే ఆయన కనబడతాడు. ఆ తర్వాత ఇక కనబడడు. ఏం చేస్తుంది పాపం, పెట్టె మీద చెయ్యేసి ఊరుకునేది.

నూలుకు కంట్రోలు పెట్టిన ఆ రోజుల్లోనే, సందులో ఆ కొస సగం కలుపుకుని గోడౌను కట్టుకోమని వెంకటప్పయ్య షావుకారుకి మునిసిపాలిటీ అనుమతి ఇచ్చింది. వీధివాళ్లు అప్పీలు పెట్టుకున్నారు. గవర్నర్‌పేట ఆఫీసులో అప్పీళ్లు వినే అధికారి సాంబమూర్తిగారు కుర్చీలోంచి కదలకుండానే తేల్చేశారు: కొస మూసినా ఇటునుంచి నడవచ్చు గనక ఎవరికీ ఇబ్బంది లేదు. మనుషులు నడుస్తారు సరే, సగం సందులో పడుగెలా సాగుతుంది?

పున్నమ్మ చీర చంకలో పెట్టుకుని, పక్కింటి కుల్సుంని తోడు తీసుకుని ఆఫీసుకెళ్లింది.

"అప్పీలు అయిపోయిందమ్మా, మళ్లీ వినడం కుదరదు," అన్నారు సాంబమూర్తిగారు భోజనానికి లేస్తూ.

"అయిపోయిందనే వచ్చానండీ. సందు చూడకుండా రాశారు. ఒక్కసారి వచ్చి చూసి, అప్పుడు కాదనండి."

"రావడానికి నాకు తీరికేదీ?"

పున్నమ్మ చీర బయటికి తీసింది. కుల్సుం ఆమె మోచెయ్యి పట్టుకుంది. "వద్దక్కా. అన్న ఉన్నది ఆ ఒక్కదాంట్లోనేగా."

"ఆయన నిలబడ్డ సందే పోతుంటే, పెట్టెలో దాచి ఏం చేసుకోను కుల్సుం?" అంటూ పున్నమ్మ బల్ల మీద మడత విప్పేసింది.

పొద్దుటెండ ఫైళ్ల మీద పడింది. పడుగు బల్ల దిగి, గుమ్మం దాటి, వరండా మీదుగా దూరంగా సాగిపోయింది. గంజి అంటుతుందని బంట్రోతు ఫైళ్లు తీసి పక్కన పెట్టాడు. ఆకలి మీదున్న సాంబమూర్తిగారు అవతలికి పోదామని కాలెత్తారు.

"దాటకూడదండీ," అంది కుల్సుం.

ఆయన కాలు దించి, పడుగు వెంబడే నడిచారు. సగం దూరం పోయేసరికి ఆ సందులోని వీధికుళాయి కనిపించింది. ప్లానులో గోడ వచ్చేది ఆ కుళాయి దగ్గరే. దారాలు మాత్రం ఇంకా అంత దూరం ముందుకు పోతున్నాయి. ఆయన ఆ మిగతా దూరం కళ్లతో కొలుచుకున్నారు.

ఆ కొసన ఆదిశేషయ్య కుంచె పట్టుకుని వంగి ఉన్నాడు. "పున్నమ్మా, ఇక్కడో పోగు తెగింది, ముడెయ్యి."

పున్నమ్మ వెళ్లి ముడేసింది. వేళ్లకు వేళ్లు తగిలాయి. చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి. నోటికి మాత్రం రోజూ అనే మాటే వచ్చింది. "గంజి పలచనైందయ్యా."

"రేపు చిక్కగా కాయి," అని నవ్వాడు ఆదిశేషయ్య. పడుగు ఆరిపోయింది. బల్ల మీద చీర మిగిలింది.

సాంబమూర్తిగారు భోజనానికి వెళ్లలేదు. కుర్చీలో కూర్చుని తన తీర్పు తానే కొట్టేసి, కుళాయికి అవతల కూడా సందు సందుగానే ఉండాలని రాశారు.

మర్నాడు పున్నమ్మ ఆ చీరే కట్టుకుంది. ఇప్పుడది ఉత్త నూలు చీర. సందు ఈ కొస నుంచి ఆ కొసదాకా కొత్త పడుగు సాగదీసింది. గంజి చిక్కగా కాచింది.