రెండు గీతల పట్టీ

“కొడుకులెంతమందమ్మా?” అని అడిగాడు నల్లబట్టలు ఇచ్చే మనిషి. ఆసుపత్రి కింది అంతస్తులో సంతాపశాల అది. మా ఆయన పోయి ఇంకా మూడు గంటలు కాలేదు.

“లేరండీ. ఒక్కతే కూతురు.”

“అయ్యో,” అన్నాడు. ముప్ఫైనాలుగేళ్ళుగా ఆ ‘అయ్యో’ వింటూనే ఉన్నాను. “మరి కర్త ఎవరు? అల్లుడా? తమ్ముడి కొడుకో ఎవరో ఒకరు ఉండే ఉంటారుగా?”

“నేనే,” అంది మా అమ్మాయి హేవన్.

కాగితం లాక్కుని తన పేరు రాసేసింది. అతను నా మొహంలోకి చూశాడు. నేను నేలకేసి చూశాను. కర్త చేతికి కట్టుకునే రెండు గీతల పట్టీ దాని చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. కాసేపటికి గుమ్మం పక్కన తెరమీద అక్షరాలు వెలిగాయి. పోయినవారు: క్వాన్ కిసప్. కర్త: క్వాన్ హేవన్. రెండుసార్లు చదువుకున్నాను. మొగుడు పోయిన రోజున అలా అనిపించడం తప్పే గానీ, దొంగతనంగా ఏదో తిన్నంత సంతోషం వేసింది.

ఎందుకు వేయదు? ఆయనకి పక్షవాతం వచ్చిన నెలలోనే పుసాన్‌లో మందుల షాపు ఉద్యోగం వదిలేసి వచ్చేసింది హేవన్. ఆరేళ్ళు. రెండు గంటలకోసారి ఒత్తిగిలించడం, జావ తాగించడం, గుడ్డలు మార్చడం, అన్నీ అదే. మంచాన పడి ఉన్నంతకాలం ఆయన వీపు మీద ఒక్క పుండు పడలేదు. మా మరిది కొడుకు తేగ్యు ఈ ఆరేళ్ళలో రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ బూట్లు విప్పకముందే టైం చూసుకున్నాడు.

మధ్యాహ్నం ఊరినుంచి బస్సులో పెద్దలు దిగారు. ముందు మా మామగారి అన్న. తొంభై ఒక్కేళ్ళు. ఆయన గుమ్మం దగ్గర ఆగి, కళ్ళజోడు సర్దుకుని, తెర చదివాడు.

“ఏంటిది, అచ్చుతప్పా?”

వెనకాల ఉన్నవాళ్ళు నవ్వారు.

“తప్పు కాదు పెద్దతాతయ్యా,” అంది హేవన్. “నాన్నకి ఉన్నది నేనేగా.”

“ఉన్నావమ్మా, ఎవరు కాదన్నారు? నువ్వు చేసింది ఊరంతా చెప్పుకుంటున్నారు. కానీ సేవ వేరు, వంశం వేరు. రేపు పెళ్ళి చేసుకుని ఇంకో ఇంటి మనిషివైపోతావ్. అప్పుడు మీ నాన్నకి ఏటేటా సారా పోసి మొక్కేదెవరు? ఎవరి గుమ్మంలో నిలబడి అడుక్కోమంటావ్ వాణ్ణి?”

“ఎక్కడున్నా నేనే పోస్తాను.”

“గుర్రానికి కొమ్ములొచ్చాక చూద్దాం లే,” అన్నాడాయన, ఎంతో ముద్దుగా. మా ఆయన పటానికి మొక్కకుండానే భోజనాల గదిలోకి నడిచాడు. తక్కినవాళ్ళు వెనకే వెళ్ళారు. వేడి వేడి గొడ్డుమాంసం చారు నేనే వడ్డించాను. ఒక్కరూ చెంచా ముంచలేదు. చారు మీద కొవ్వు తెల్లగా గడ్డకట్టేదాకా అలాగే కూర్చున్నారు.

వంటగదిలోకి మా మరిది వచ్చాడు.

“వదినా, పెద్దాయన గట్టిగా ఉన్నాడు. ఆడపిల్ల కర్తగా వస్తే మనవాళ్ళ సమాధులున్న కొండమీద మట్టి తవ్వనివ్వడట. అన్నయ్య నాన్న పక్కనే పడుకోవాలనుకున్నాడుగా? తేగ్యు ఊరికే నిలబడతాడు, అంతే. నువ్వు చెప్తే వింటుంది అది.”

పక్షవాతం తర్వాత మా ఆయనకి మిగిలినవి నాలుగు మాటలు. నీళ్ళు, నొప్పి, హేవన్, కొండ.

చారు గిన్నెలు కడుగుతూ నిలబడ్డాను. నా పేరు పిల్‌నమ్. ఈసారి తప్పక మగపిల్లాడు పుట్టాలని నాకు పెట్టిన పేరు అది. చిన్నప్పుడు తండ్రి మాట, పెళ్ళయ్యాక మొగుడి మాట, మొగుడు పోయాక కొడుకు మాట వినాలని మా నాన్న నా చేత వల్లె వేయించాడు. కన్ఫ్యూషియస్ గురువుగారి దారి అదేనన్నాడు. కొడుకు లేనిది ఎవరి మాట వినాలో ఆ పాఠంలో లేదు. మొదటిది ఆడపిల్లయితే ఇంటికి ఆసరా, రెండోదీ ఆడపిల్లయితే ఊరికి నవ్వులాట అనేది మా అత్తగారు. హేవన్‌కి రెండేళ్ళప్పుడు మళ్ళీ కడుపొచ్చింది. మా పంచాంగంలో అది తెల్లగుర్రం ఏడు. ఆ ఏడు పుట్టిన ఆడపిల్ల మొగుణ్ణి మింగుతుందన్నారు. ఆడపిల్లేనని తేలాక తేగూ పట్నంలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. మరుసటేడు ఇంకోసారి. అత్తగారు బయట బల్లమీద నా బూట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చాక బాలింతలకిచ్చే సముద్రపు నాచు చారు తనే కాచి, ఊదుకుంటూ తాగించింది. ఆవిడ చెడ్డది కాదు. మా ఆయన కారులోనే ఉన్నాడు, ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆయన మంచితనమని అందరూ చెప్పుకునేవారు, నేను కూడా. ఆ తర్వాత నాకిక కడుపు నిలవలేదు. ఇదంతా హేవన్‌కి తెలియదు. చెప్పాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే అది నన్నేమని పిలుస్తుందోనని భయం.

చేతులు తుడుచుకుని పటం గదిలోకి వెళ్ళాను. హేవన్ అగరొత్తులు సరిచేస్తోంది.

“హేవన్, ఆ పట్టీ తమ్ముడికిచ్చెయ్యవే.”

“బాబాయ్ చెప్పమన్నాడా?”

“నాన్న కొండమీదే ఉండాలనుకున్నారు కదా.”

అది నావైపు తిరిగి కూర్చుంది. “వాళ్ళ సంగతి వదిలెయ్. నువ్వేమంటావ్? నువ్వు వద్దంటే ఇప్పుడే తీసేస్తా. నువ్వు ఉండనియ్యి అంటే, నాన్నని ఇంకెక్కడైనా పెడదాం. నేను చూసుకుంటా. నీ మాట చెప్పమ్మా.”

పుట్టి బుద్ధెరిగాక నా మాట ఏమిటని నన్నడిగిన మొదటి మనిషి అది. ఉండనియ్యి అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం నా ముందు నిలబడింది కూడా. నోరు తెరిచాను.

“మగదిక్కు లేని ఇంట్లో అంతేనే,” అన్నాను. అది మా అత్తగారి మాట. గొంతు మాత్రం నాది.

హేవన్ ఏడవలేదు. ముడి విప్పింది. గుమ్మంలో నిలబడ్డ తేగ్యు ఎర్రబడిపోయాడు.

“అక్కా, నేను అడగలేదక్కా…”

“తెలుసులే. చెయ్యి ఇటు పెట్టు.” తనే వాడి చేతికి కట్టింది. ఏప్రన్ వేసుకుని వంటగదిలోకి వెళ్ళింది. తెరమీద దాని పేరు కింది వరసలోకి దిగింది. పెద్దలంతా వచ్చి పటానికి రెండేసి సార్లు సాష్టాంగపడ్డారు. హేవన్ మళ్ళీ వేడిచేసి తెచ్చిన చారు తిన్నారు.

“కారం సరిగ్గా సరిపోయిందమ్మాయ్,” అన్నాడు పెద్దాయన దానితో.

మూడో రోజు కొండమీద మొదటి మూడు గుప్పిళ్ళ మట్టి తేగ్యు వేశాడు. హేవన్ ఆడవాళ్ళ వరసలో, మా తోటికోడలి వెనక నిలబడింది. అక్కడినుంచి దానికి గొయ్యి కనిపించి ఉండదు. అంతా అయ్యాక పెద్దాయన నన్ను పిలిచి, కర్రతో పక్కనున్న పచ్చికమీద తట్టాడు.

“చూశావా అమ్మాయ్, నీ చోటు కూడా ఇక్కడే. నీకింక ఏ దిగులూ లేదు.”

తిరిగొచ్చేటప్పుడు కారులో నేనూ హేవనూ మాత్రమే ఉన్నాం. బార్లీ చేలు దాటాం. అరవై రెండేళ్ళు వచ్చాయి, అప్పటిదాకా ఎవరినీ అడగకుండా నేను తేల్చుకున్నది ఒక్కటీ లేదు. కొండ దిగుతూ ఒకటి తేల్చుకున్నాను.

“హేవన్, నేను పోయాక నన్ను ఆ కొండకి తీసుకెళ్ళొద్దు. వాళ్ళ మధ్య పడుకోను. కాల్చేసి, నీకిష్టమైన చోట నీళ్ళల్లో కలిపెయ్.”

అది రోడ్డుకేసే చూస్తోంది. ఎదురుగా సిగ్నల్ ఎరుపు పడింది. మెల్లగా బ్రేకు వేసింది. గొంతులో కోపం లేదు. దారి అడిగిన కొత్తమనిషికి చెప్పినట్టు చెప్పింది.

“నాకెందుకమ్మా చెప్తున్నావ్? తేగ్యుకి చెప్పు. నీక్కూడా కర్త వాడేగా.”