గోడ లోపలి పూత

మధ్యాహ్నం గాలి పడిపోగానే గోడలో చప్పుడు మొదలైంది.

ఓర్లిండా వంటింట్లో కూర్చుని బీన్స్ ఏరుతోంది. నాలుగైదు రోజులుగా వింటున్న చప్పుడే. మొదట ఎలుక అనుకుని బోను పెట్టింది. అందులో జున్నుముక్క ఎండి రాయయిందే తప్ప ఏదీ పడలేదు. అయినా ఎలుక గీకుడు వేరు. దానికి కంగారెక్కువ. ఇది అలా లేదు. ఎవరో తీరుబడిగా, ఒకే ఊపులో, అరచేత్తో మట్టి రుద్దుతున్నట్టుంది. కాసేపు రుద్దడం, ఆగడం, ఏదో మెత్తగా జారిపడడం, మళ్ళీ రుద్దడం.

"వదినా, మా అమ్మ పనిలోకి దిగింది," అని పక్కగదిలోంచి కేకేసింది ఎరెమీటా.

"మీ అమ్మ పోయి పదేళ్ళు దాటింది. లేచొస్తే ముందు నిన్ను తిడుతుంది, పట్టపగలు మంచం మీద ఏంటని."

"నడుం నుంచి పాదం దాకా కట్టు ఉంది కదా అని చెప్తాలే."

ఎరెమీటా ఓర్లిండాకి ఆడబిడ్డ. పెళ్ళి చేసుకోలేదు. అన్న పోయాక కూడా వదినతోనే ఉండిపోయింది. చలికాలం చివర్లో, చదును కప్పు మీద పేరుకున్న మంచు పారతో తోసేస్తూ జారి కిందపడి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పటినుంచీ పడమటి గోడకి ఆనించిన మంచమే ఆమె లోకం. మంచంలోంచే ఇల్లంతా నడిపిస్తోంది.

ఓర్లిండా లోపలికి వెళ్ళి గోడకి చెవి ఆనించింది. చప్పుడు ఆగిపోయింది. గోడ చల్లగా ఉంది. నేలకి దగ్గరగా, మోకాలెత్తున, తడి మరక కనిపించింది. వాన పడి నెలలైంది. కిటికీ బయట ఎడారిలో తుప్పలన్నీ బూడిదరంగులో ఉన్నాయి.

"దుప్పటి దులపలేదా?" అంది ఓర్లిండా.

"పొద్దున్నే దులిపావు నువ్వే."

దుప్పటి మీద సన్నటి మట్టి రాలి ఉంది. ఓర్లిండా తలెత్తి చూసింది. కప్పు మోసే దూలం గోడలో దిగేచోట, దూలానికీ పైన చెక్కలకీ మధ్య బొటనవేలు పట్టేంత సందు ఏర్పడింది. క్రిస్మస్‌కి ముందు ఆ చెక్కలకి బూజు దులిపింది తనే. అప్పుడు సందు లేదు. దూలం కిందికి దిగుతోంది. దాని కింద గోడ కుంగుతోంది. గోడ కింద ఎరెమీటా పడుకుని ఉంది.

సుత్తి తీసుకుని బయటికి నడిచింది.

పడమటి గోడ పొడుగునా హాలీహాక్ పూలమొక్కలు. ఊళ్ళో వాళ్ళ పెరళ్ళలో ఇంకా చిగురు కూడా కళ్ళు తెరవలేదు. ఇక్కడ మాత్రం ఆకులు అరచెయ్యంత వెడల్పున, నిగనిగలాడుతూ గుబురుగా ఉన్నాయి. మంచంలోంచి పూలు కనపడాలని వాటిని గోడ మొదట్లో నాటించింది ఎరెమీటా. రోజూ గిన్నెలు కడిగిన నీళ్ళు తెచ్చి పోసేది ఓర్లిండా. సుత్తి తిరగేసి గోడ మీద తట్టుకుంటూ నడిచింది. తలుపు దగ్గర గట్టిగా పలికింది. కిటికీ పక్కన, సరిగ్గా లోపల మంచం ఉన్నచోట, గుమ్మడికాయ మీద తట్టినట్టు డొల్లగా పలికింది.

ఇల్లంతా పచ్చిఇటుకల ఇల్లు. అత్తగారు క్లియోఫస్ ఉన్నన్నాళ్ళూ ఏటా కాలవ నీళ్ళు వదలగానే మట్టీ గడ్డీ కలిపి తొక్కి, చేత్తోనే గోడలన్నీ పూసేది. బావి గిలకలో పడి తెగిపోయింది ఆవిడ కుడిచేతి చిటికెనవేలు. అందుకే ఆవిడ పూసిన గోడ మీద బొటనవేలితో కలిపి నాలుగేసి వేళ్ళ గీతలు, అర్ధచంద్రాల్లా, వరసగా ఉండేవి. గోడని ఊపిరి పీల్చుకోనివ్వాలనేది, దాని కాళ్ళ దగ్గర నీళ్ళు నిలవనివ్వకూడదనేది. ఆవిడ పోయిన వేసవిలోనే వదినా ఆడబిడ్డలిద్దరూ ఒక్కమాట మీద కోళ్ళగూటికి వాడే ఇనపజాలీ కొట్టించి సిమెంటు పూయించేశారు. ఏటేటా ఆ చాకిరీ తప్పిందని ఆరోజు పాయసం కూడా వండుకున్నారు.

తాగిన నీళ్ళు సిమెంటు దాటి బయటికి పోయే దారి లేక గోడ లోపల్లోపలే బురదైపోతోంది.

సాయానికి మగవాళ్ళెవరూ అందుబాటులో లేరు. కాలవ పూడిక తీసే రోజులివి. ఇంటికొకడు చొప్పున పారలు పట్టుకుని కొండ మొదటికి వెళ్ళిపోయారు. వెళ్ళి పిలుచుకు రావాలంటే చీకటి పడుతుంది. మంచాన్ని లాగి చూసింది. గది మధ్యదాకా కదిలింది. కానీ దూలం గదికి అడ్డంగా ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఉంది. ఎక్కడికి లాగినా దాని కిందే. కాలు మడవలేని ఆ కట్టుతో ఎరెమీటా ఇరుకు తలుపులోంచి మలుపు తిరగదు.

"ఏంటి వదినా, ఎక్కడికి ఊరేగింపు?"

"దూలం దిగింది. గోడ విప్పి మళ్ళీ కట్టాలి."

ఎరెమీటా పైకి చూసింది. మొహంలో నవ్వు పోయింది. "నువ్వా?"

"ఇంకెవరున్నారు? సాన్ ఇసీద్రో దిగొస్తాడా?" అని కిటికీ గూట్లో ఉన్న ఆ పునీతుడి బొమ్మకేసి చెయ్యి చూపించింది. "కదలకుండా పడుకో, చాలు."

కంచెలోంచి జూనిపర్ గుంజ పీకి తెచ్చి దూలం కింద నిలబెట్టింది. అడుగున చెక్కముక్క పెట్టి సుత్తితో బిగించింది. దూలం కిర్రుమని ఆగింది. అప్పుడు బయటికెళ్ళి ఉలి పట్టుకుంది.

సిమెంటు పలకలు పలకలుగా, జాలీతో సహా ఊడి వచ్చింది. వెనక ఇటుకలు లేవు. తడి పిండిలాంటి మట్టి జలజలా పాదాల మీదికి జారింది. అది జారడం ఆగాక లోపలికి చూసింది. మనిషి నిలబడేంత తొర్ర. గదివైపు చేతివెడల్పు మట్టి మాత్రం మిగిలింది. ఇంత బరువున్న కప్పు ఇన్నాళ్ళు దేనిమీద ఆగిందో అర్థం కాలేదు.

తర్వాత అర్థమైంది.

తొర్ర లోపలి పక్కలు పూసి ఉన్నాయి. కింది నుంచి దూలం దాకా, ఎక్కడా పగులు లేకుండా, మందంగా. పూత మీద అర్ధచంద్రాలు. ఒక్కో అర్ధచంద్రంలో నాలుగేసి గీతలు.

ఓర్లిండా చెయ్యి చాచి ముట్టుకుంది. వేలికి తడి అంటింది. మట్టిలో గడ్డిపోచలు ఇంకా పసుపుగా మెరుస్తున్నాయి. పాతగడ్డి నల్లబడుతుంది, మెత్తబడుతుంది. ఇది నిన్నో మొన్నో కలిపిన మట్టి. తొర్రలోంచి ఓషా వేరు వాసన కొట్టింది. దగ్గుకని అత్తగారు ఎప్పుడూ బుగ్గన పెట్టుకునే వేరు. ఈ ఇంట్లో ఆ వేరు ఎవరూ నమలరు.

"వదినా, ఆగిపోయావేం? ఏముందక్కడ?" గోడ ఇంత పల్చబడిందేమో, ఎరెమీటా గొంతు చెవిలో మాట్లాడినట్టే వినిపించింది.

"మట్టి."

"ఎవరి మట్టి?"

ఓర్లిండా సిలువ గుర్తు వేసుకుంది. "మీ అమ్మది," అంది.

లోపల మంచం కిర్రుమంది. ఆ తర్వాత, "పోనీలే," అంది ఎరెమీటా చిన్నగా. "నేను పిచ్చికూతలు కూయట్లేదని తెలిసింది కదా."

కోళ్ళగూడు వెనక, పొయ్యి బాగుచేయగా మిగిలిన పచ్చిఇటుకలున్నాయి. మట్టి జల్లించి, గడ్డి తుంచి వేసి, బావి నీళ్ళు పోసి కాళ్ళతో తొక్కింది. ఇటుక మీద ఇటుక పేర్చడం మొదలుపెట్టింది. నాలుగు వరసలు లేచేసరికి లోపల్నుంచి ఏడుపు వినిపించింది.

"అమ్మని లోపల పెట్టి మూసేస్తున్నావా వదినా?"

"మరి ఏం చెయ్యమంటావు? తెరిచి ఉంచి కప్పు నీ నెత్తిన వేసుకుంటావా?"

"కాసేపు ఆగు. బయటికి రమ్మని చెప్పు."

"ఎవరికి చెప్పను? ఎటు తిరిగి చెప్పను?" ఓర్లిండా మట్టిచేతుల్ని పావడాకి తుడుచుకుని, తొర్రకేసి తిరిగి చెప్పింది. "అత్తయ్యా, నీ కూతురు కిందుంది. నేను మూసెయ్యక తప్పదు."

తొర్రలో ఏదీ కదల్లేదు. ఆమె మళ్ళీ ఇటుక అందుకుంది.

ఎండ పడమటికి తిరిగేసరికి దూలం కింద చేతిపట్టు సందు మిగిలింది. నిచ్చెన మీద నిలబడి అందులోకి మట్టి కూరింది. ఆఖరి ముద్ద పెట్టి అరచేత్తో అదిమింది. లోపలి వైపునుంచి ఏదో ఎదురు అదిమింది.

తోసెయ్యలేదు. పనిలో ఇద్దరు గోడకి చెరోవైపు నిలబడి ముద్ద బిగించుకునేటప్పుడు అవతలి మనిషి ఇచ్చే ఒత్తిడి అంతే. మట్టి ఆమె వేళ్ళ మధ్యనుంచి పైకి వచ్చింది. చెయ్యి తీసేద్దామనుకుంది. తీస్తే ముద్ద జారిపోతుంది. కళ్ళు మూసుకుని, అవతలి ఒత్తిడి దానంతటది తగ్గేదాకా అదిమి పట్టుకుని నిలబడింది.

తర్వాత నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోయింది.

పొద్దు వాలేలోగా గోడ మొత్తం చేత్తో పూసేసింది. హాలీహాక్ మొక్కలన్నీ వేళ్ళతో సహా తవ్వి కాలవగట్టున నాటింది. మిగిలిన మట్టి బకెట్లో ఎత్తి, తడి గోనెగుడ్డ కప్పి వంటింటి తలుపు బయట పెట్టింది. గదిలో గుంజ మాత్రం గోడ ఆరేదాకా తీయనంది.

"మంచం పక్కన గుంజ, బయట మొక్కలు లేవు. జైల్లా ఉంది," అంది ఎరెమీటా. కానీ గొంతులో పస లేదు. రొట్టె మిరపకాయల పులుసులో ముంచుకుని తినకుండా ఊరికే పట్టుకునే ఉంది. గోడవైపే చెవి పెట్టింది. గోడ నిశ్శబ్దంగా ఉంది. "ఊపిరాడుతుందంటావా తనకి?" అని అడిగింది. ఓర్లిండా మంచినీళ్ళు అందించింది.

మర్నాడు దూలం వెంట్రుకవాసి కూడా దిగలేదు. దుప్పటి మీద మట్టి లేదు. మధ్యాహ్నం గాలి పడిపోయింది. బీన్స్ ముందేసుకుని కూర్చుంది కానీ, ఓర్లిండా చేతులు కదలడం లేదు. తాను చెవులు రిక్కించి ఉన్న సంగతి కాసేపటికి గానీ ఆమెకే తెలియలేదు.

అప్పుడు వినిపించింది. తీరుబడిగా, ఒకే ఊపులో.

పడమటి గోడలోంచి కాదు. ఆమె వీపు వెనక, పొయ్యి పక్కన, సిమెంటు ఇంకా ఊడని వంటింటి గోడలోంచి.

"వదినా," అంది ఎరెమీటా. నిన్న పోయిన నవ్వు ఆ గొంతులోకి తిరిగొచ్చింది. "విన్నావా?"

"విన్నాను."

"ఇంకా రెండు గోడలు మిగులుతాయి దాని తర్వాత."

"నాకూ లెక్క వచ్చులే. నువ్వు పడుకో."

ఓర్లిండా బీన్స్ పక్కకి పెట్టి తలుపు తీసింది. బకెట్ మీది గోనెగుడ్డ తడిగానే ఉంది, నిన్న కప్పినట్టే ఉంది. తీసి చూసింది. నున్నగా మెత్తిన మట్టిలో ఒక పక్క చేరెడు మట్టి తీసిన గుంట. గుంట అంచున నాలుగు వేళ్ళ గీతలు.

ఓర్లిండా బావి నుంచి చెంబుడు నీళ్ళు తెచ్చి మట్టి మీద చిలకరించి, గుడ్డ మళ్ళీ కప్పింది. బకెట్‌ని వంటింటి గోడకి దగ్గరగా జరిపి సుత్తి అందుకుంది.