ఎడారి ప్రయాణానికి ప్రార్థన మనవి

యాప్రాల్‌లోని అత్తగారింట్లో గృహకూటం ముగియవస్తుండగా, ప్రార్థన మనవులు ఏమైనా ఉన్నాయా అని పాస్టరుగారు అడిగారు. పెళ్ళై రెండు నెలలైనా నిండని షెకీనా ఆగలేకపోయింది. భర్త రోనాల్డ్‌తో జనవరిలో రాజస్థాన్ వెళ్తున్నామనీ, జోధ్‌పూర్‌లో క్యాంపర్ వ్యాన్ అద్దెకు తీసుకుని జైసల్మేర్ ఎడారి దాకా తామే నడుపుకుంటూ పోతామనీ, క్షేమం కోసం ప్రార్థించమనీ చెప్పింది. బండిలోనే మంచం, పొయ్యి, కిటికీకి పూల పరదా ఉంటాయని కూడా చెప్పేసింది. మోండా మార్కెట్లో ఒకదాన్లో ఒకటి ఇమిడే గిన్నెలు కొన్న సంగతి నోటిదాకా వచ్చింది గానీ, అత్తగారి ముఖం చూసి మింగేసింది.

అత్తగారు ప్రేమమణికి ఆ ప్రయాణం సంగతి తెలియడం అదే మొదలు. మమ్మీ కోపంగా లేనప్పుడు తానే చెప్తానని రోనాల్డ్ నాన్చుతూ వచ్చాడు. స్త్రీల సమాజానికి అధ్యక్షురాలైన ఆమెకు సొంతింటి కబురు అందరితోపాటే తెలిసింది. పక్కనున్న ఆడవాళ్ళు ఆమెవైపే చూస్తున్నారు.

అందరూ కళ్ళు మూసుకున్నారు. ప్రేమమణే మొదలుపెట్టింది.

"ప్రభువా, కొందరికి పెళ్ళైన మర్నాడే ఇల్లు ఇరుకైతది. బండిలో కాపురం కావాలంటరు. పెద్దల్ని అడగాలని వాళ్ళకు పుట్టింట్లో నేర్పలేదు. నువ్వే నేర్పు తండ్రీ. ఇసుకలో బండి దిగబడి ఏడిస్తేగానీ రాదంటే, అట్లనే కానియ్యి."

ఒకరిద్దరు అలవాటుగా ఆమేన్ అన్నారు. ప్రార్థనకు మధ్యలో అడ్డు చెప్పకూడదు. షెకీనా తన వంతు వచ్చేదాకా పళ్ళు బిగబట్టింది.

"తండ్రీ, మా అమ్మానాన్నలను దీవించు. నీతో మాట్లాడుతున్నట్టు నటిస్తూ మనుషుల్ని దెప్పడం వాళ్ళు నాకు నేర్పలేదు, అందుకు వందనాలు. ఈ ఇంట్లో నాలుకల్ని జెర చల్లబరచు."

ఈసారి ఎవరూ ఆమేన్ అనలేదు. ఇక మిగిలింది రోనాల్డ్. అతను గానీ 'నీ చిత్తమైతే వెళ్తాం' అన్నాడంటే ప్రయాణం ఆగిపోయినట్టే. ఆ ఇంట్లో ఆ మాట అంటే 'కుదరదు' అనే అర్థం.

"ప్రభువా, జనవరిలో మేం బయల్దేరుతున్నం. దారిలో తోడుండు. మమ్మీకి చెప్పకపోవడం నా తప్పు, షెకీనాది కాదు. ఆమేన్."

కూటం చెదిరాక ప్రేమమణి టీ కప్పులు ఏరుతూ, కొడుకుతో కాక కోడలితో అంది. "పోండి. వచ్చినంక మాత్రం ఈ గడప తొక్కొద్దు. తిరుమలగిరిలోనో ఎక్కడో వేరే ఇల్లు చూసుకోండి."

రోనాల్డ్ ముఖం పాలిపోయింది. షెకీనా మాత్రం "సరే అత్తయ్యా" అని తల దించుకుని తనూ కప్పులు ఏరసాగింది. ఇద్దరే ఉండే ఇల్లు, తనదే అయిన వంటగది, పొద్దున్నే తను పెట్టే టీ. నవ్వు ఎంత అణచుకున్నా పెదవులు మాట వినలేదు.

ప్రేమమణి అది చూడనే చూసింది. కోడలి చేతిలోని కప్పులు లాక్కుంది.

"వదిలెయ్. నా ఇంట్లో నువ్వు కడిగింది చాలు."